మర్ఫా మోత, సజ్దాలో తల తిరుగుడు

అలియాబాద్ దాటి, ఇంజన్‌బౌలి మీదుగా ఫలక్‌నుమా వైపు పోయే దారిలో జహనుమా వస్తుంది. పెళ్లిళ్ల సీజన్లో అక్కడ రాత్రి పదకొండంటే ఇంకా సాయంత్రమే. ఫంక్షన్ హాలు ముందు అడ్డదిడ్డంగా ఆగిన కార్లు, వాటి మధ్య దూరిపోయే ఆటోలు, పూలదండల చాటున పెళ్లికొడుకు, అతని ముందు మర్ఫా. డఫ్‌లు, ఢోళ్లు, స్టీలు బిందె మీద కర్రలు. నిజాం కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఈ దరువును హైదరాబాద్‌కు తెచ్చారు. ఆ అరబ్బుల సంతతి ఇక్కడికి దగ్గర్లోనే, చాంద్రాయణగుట్ట అవతలి బార్కస్‌లో ఉంది. మర్ఫా మొదలైతే ముసలివాళ్ల భుజాలు కూడా కదులుతాయి. ఈ మధ్య దానికి డీజే పెట్టెలు తోడయ్యాయి.

అదే వేళకు పక్క గల్లీలో, మూడో అంతస్తులో, ఒక పెద్దావిడ నిద్రలో కుడిపక్కకు ఒత్తిగిలి ఉలిక్కిపడి మంచం పట్టె పట్టుకుంటుంది. ఇల్లంతా గిర్రున తిరిగిపోతోంది. నిమిషం లోపే ఆగిపోతుంది, మళ్లీ పక్కకు తిరిగితే మళ్లీ మొదలు. తెల్లారాక బీపీ చూపిస్తారు, షుగరు చూపిస్తారు, మెడ ఎముకలు అరిగాయేమోనని ఎక్స్‌రే తీయిస్తారు. కొందరైతే మెడకు పట్టీ వేసుకుని నెలల తరబడి తిరుగుతారు.

కింద డీజే మోతలో కుర్రాళ్లకు జరుగుతున్న నష్టానికీ పైన పెద్దావిడ తిరుగుడుకూ చిరునామా ఒక్కటే: లోపలి చెవి. మన తీరు చూస్తే నవ్వొస్తుంది. పెద్దావిడ జబ్బుకు ఇంటిల్లిపాదీ హడలిపోతారు. అది చాలామందిలో మందు బిళ్ల కూడా అక్కర్లేకుండా పావుగంటలో సర్దుకునే వ్యవహారం. కింద పోతున్నది మాత్రం పోతే తిరిగి రాదు, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

లోపలి చెవి కణత ఎముకలో దాక్కుని ఉంటుంది. శరీరంలో అంత దట్టమైన ఎముక మరొకటి లేదు. ఆ ఎముకలో తొలిచిన సొరంగాల లోపల పలుచని పొరతో చేసిన గొట్టాలూ సంచులూ ఉన్నాయి. ముందువైపు రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా, అది వినడానికి. వెనకవైపు మూడు అర్ధవలయ కుల్యలు, రెంటికీ నడుమ యుట్రికిల్, శాక్యూల్ అనే రెండు చిన్న సంచులు, ఇవి తూకం తప్పకుండా నిలబడడానికి. వీటన్నిటిలో ఉన్నది ఒకే ద్రవం. పొటాషియం దండిగా ఉండే ఆ ద్రవం కాక్లియా నుంచి కుల్యల దాకా ఎక్కడా తెగకుండా నిండి ఉంటుంది.

ద్రవంతోపాటు పనితనమూ ఒక్కటే. పని చేసేవి రోమకణాలు. ఒక్కో కణం నెత్తిన సన్నని రోమాల గుత్తి, పొట్టి నుంచి పొడుగుకు మెట్ల వరసలో నిలబడి ఉంటుంది. పొట్టి రోమం కొస నుంచి పక్కనున్న పొడుగు రోమానికి ఒక దారం కట్టి ఉంటుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోనే కనపడేంత సన్నని దారం. గుత్తి పొడుగు రోమాల వైపు వంగితే దారం బిగుస్తుంది, బిగుస్తే రోమం కొసన ఉన్న ద్వారం తెరుచుకుంటుంది, పొటాషియం లోపలికి దూకుతుంది, కణం నరానికి కబురు పంపుతుంది. గుత్తి పొట్టి రోమాల వైపు వంగితే దారం సడలి ద్వారం మూసుకుంటుంది. అంతే. కన్ను వెలుతురును పట్టుకోవాలంటే ఒకదాని వెనక ఒకటిగా రసాయన చర్యలు జరగాలి. చెవికి ఆ జంజాటం లేదు, దారం లాగగానే తలుపు తెరుచుకుంటుంది. అందుకే చెవి సెకనుకు వేల కంపనాలతో అడుగు కలపగలదు. మనకు వినపడే అతి చిన్న చప్పుడుకు ఆ గుత్తి కదిలే దూరం ఒక నానోమీటరు కన్నా తక్కువ, కొన్ని అణువుల వెడల్పు కూడా ఉండదు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఒక కొసన గుసగుసలాడితే రెండో కొసకు వినపడుతుందని గొప్పగా చెబుతారు. హాలు కట్టిన మేస్త్రీ గొప్పవాడే కావచ్చు. నన్నడిగితే ఆ గొప్పలో సగం విన్నవాడి చెవిది.

మర్ఫా దెబ్బ గాలిలో వచ్చి కర్ణభేరిని తాకుతుంది. లోపల ఉన్నది నీరు. గాలిలో ప్రయాణించే ధ్వని నేరుగా నీటిని తాకితే నూటికి తొంభైతొమ్మిది పాళ్లకు పైగా వెనక్కి పోతుంది. ఆ నష్టం లేకుండా చూసేవి నడిమి చెవిలోని సుత్తి, దాగలి, అంకవన్నె అనే మూడు బుల్లి ఎముకలు. పెద్ద కర్ణభేరి మీద పడిన ఒత్తిడిని చిన్న కిటికీ మీదికి తెచ్చి సుమారు 20 రెట్లు చేస్తాయి. మూడు మిల్లీమీటర్ల పొడవుండే అంకవన్నె మన ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక. అది కిటికీని నొక్కగానే కాక్లియా ద్రవంలో అల పుడుతుంది.

ఆ అల ఎటు పోతుందన్నది పెద్ద తగువు. హెల్మ్‌హోల్ట్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త లోపల వరసగా తంతులున్నాయనీ, స్థాయిని బట్టి ఒక్కో తంతి మోగుతుందనీ అన్నాడు. ఆయన పుస్తకం మన తీరంలో ఇంకో చెవిని కూడా పదును పెట్టింది. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్ తనను మలచిన మూడు పుస్తకాల్లో దాన్నొకటిగా చెప్పుకున్నారు. తబలా, మృదంగాల మీద నల్లటి ముద్ద ఎందుకు పెడతారో, దానివల్ల ఆ వాద్యాలకు తీగవాద్యాల్లాంటి శ్రుతి ఎలా వస్తుందో 1920లో రాశారు. మర్ఫా ఢోళ్లకు ఆ ముద్ద ఉండదు. అందుకే అందులో వినపడేది రాగం కాదు, దెబ్బ.

హెల్మ్‌హోల్ట్స్ ఊహను సరిచేసింది బుడాపెస్ట్‌లో టెలిఫోన్ల ప్రయోగశాలలో పనిచేసిన ఇంజనీరు బెకెషి. శవాల చెవులు తెరిచి, లోపలి పొర మీద వెండి రజను చల్లి, మిణుకుమిణుకుమనే దీపం కింద చూశాడు. అల మొదలు నుంచి కొస దాకా పాకుతోంది. ఎక్కువ స్థాయి స్వరాలకు మొదట్లోనే ఉబ్బి అక్కడే చస్తోంది, తక్కువ స్థాయివైతే కొస దాకా వెళుతోంది. ఢోలు గుండెలదిరే దెబ్బ కాక్లియా కొసన పడుతుంది, స్టీలు బిందె గణగణ మొదటి చుట్టులోనే పడుతుంది. బెకెషికి 1961లో నోబెల్ వచ్చింది. ఆయన చూసింది చచ్చిన చెవులను, అక్కడే ఒకటి తప్పిపోయింది. బతికున్న చెవి ఊరికే వినదు, చిన్న చప్పుడును తనే పెంచుకుంటుంది. ఒక్కో చెవిలో మెదడుకు కబురు చేర్చే రోమకణాలు సుమారు 3,500. వాటి వెలుపల మూడు వరసల్లో మరో 12,000 ఉన్నాయి. ఈ బయటి వరస కణాలు ధ్వనికి తగ్గట్టు సాగుతూ కుదించుకుంటూ అలకు ఊపునిస్తాయి. ఆ ఊపులో కొంత చెవిలోంచి బయటికి చప్పుడుగా వస్తుంది. 1978లో డేవిడ్ కెంప్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చెవి రంధ్రంలో మైకు పెట్టి దాన్ని పట్టుకున్నాడు. పురిటి పిల్లలకు చెవి పరీక్ష చేసేటప్పుడు యంత్రం వినేది ఈ చప్పుడునే.

వినికిడి సంగతి ఎవరికైనా తెలుసు. తూకం సంగతి అది పోయేదాకా తెలియదు. ఈ పేజీని కళ్ల ముందు పట్టుకుని, తల కదలకుండా, పేజీని గబగబా కుడిఎడమలకు ఊపండి. అక్షరాలు అలికిపోతాయి. ఇప్పుడు పేజీని కదలనీయకుండా అంతే వేగంగా తలను ఊపండి. చదవగలుగుతారు. కుల్యలు తల ఎటు తిరిగిందో పసిగట్టి, సెకనులో నూరోవంతు గడవకముందే కళ్లను సరిగ్గా అంతే వెనక్కి తిప్పాయి. నడుమ ఉన్నవి మూడు నరకణాలే.

ఇది లేకుండా బతకడం ఎలా ఉంటుందో ఒక అమెరికన్ డాక్టరు 1952లో ఒక వైద్య పత్రికలో రాశాడు. స్ట్రెప్టోమైసిన్ సూదులు ఆయన రెండు చెవుల్లోని తూకపు కణాలను చంపేశాయి. మంచంలో పడుకుని చదువుదామంటే గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్షరాలు గెంతేవట. తలను మంచం తలాపు కమ్మీల మధ్య ఇరికించుకుంటే గానీ వరస నిలిచేది కాదు. మన దేశంలో క్షయ చికిత్సలో దశాబ్దాలపాటు వాడింది ఈ సూదినే. మొండి క్షయకు ఇచ్చిన కానమైసిన్‌తో కొందరికి వినికిడే పోయింది. క్షయ తగ్గాక ‘నీరసంతో తూలుతున్నాడు’ అని ఇంట్లోవాళ్లు అనుకున్న ఎందరిలో నీరసం కాక చెవి దెబ్బతిందో ఎవరూ లెక్క పెట్టలేదు.

కుల్యలు మూడూ ఒకదానికొకటి అడ్డంగా, మూడు దిక్కుల్లో ఉంటాయి. తల తిరిగితే గొట్టం తిరుగుతుంది గానీ లోపలి ద్రవం బద్ధకంగా వెనకబడుతుంది, దాని తోపుడుకు రోమాలు వంగుతాయి. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని బోనాలకు వెళితే పోతరాజును చూడండి. ఆగకుండా గిరగిరా తిరుగుతుంటే కాసేపటికి ద్రవం కూడా గొట్టంతో సమంగా తిరగడం మొదలుపెడుతుంది, చెవి ఇక ఏమీ చెప్పదు. చిక్కంతా ఆగినప్పుడే. డ్రైవరు బ్రేకు కొడితే నిలబడ్డ జనం ముందుకు పడ్డట్టు, తల ఆగినా ద్రవం ఆగదు, రోమాలు ఎదురు దిక్కుకు వంగుతాయి. లోకం అటు తిరుగుతున్నట్టుంటుంది. అలవాటైన పోతరాజు మెదడు ఆ అబద్ధపు కబురును పట్టించుకోవడం తగ్గించేస్తుంది. కొత్తవాళ్లయితే పక్కవాడి భుజం పట్టుకోవాల్సిందే.

యుట్రికిల్, శాక్యూల్ పని వేరు. తల ఎటు వంగింది, ఒళ్లు ముందుకు పోతోందా పైకి లేస్తోందా అన్నది వాటి ఖాతా. లిఫ్టు కదలగానే కడుపులో తేలినట్టుండేది శాక్యూల్ పుణ్యమే. వాటిలో రోమాల పైన జిగురు పొర, ఆ పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు వేల సంఖ్యలో పరిచి ఉంటాయి. సున్నపురాయిలో ఉండేది ఇదే పదార్థం. ఆ బరువు భూమి వైపు లాగుతుంది కాబట్టి తల వంగితే పొర జారి రోమాలను వంచుతుంది.

మూడో అంతస్తు పెద్దావిడ కథ ఇక్కడుంది. వయసుతో, లేదా తలకు దెబ్బ తగిలి, ఆ స్ఫటికాలు కొన్ని ఊడి కుల్యల్లోకి జారతాయి. ఎక్కువగా జారేది వెనక కుల్యలోకి, అది అన్నిటికన్నా కిందుగా ఉంటుంది మరి. ఒంట్లో డి విటమిన్ తక్కువైనవాళ్లలో ఇది ఎక్కువ. ఏడాదంతా ఎండ కాసే ఊళ్లో, ఇరుకు గల్లీల నీడలో, ఒళ్లంతా కప్పుకుని తిరిగేవాళ్లకు డి విటమిన్ లోటు ఉండడం వింతేమీ కాదు. స్ఫటికాలు కుల్యలో పడ్డాక, తల ఒక కోణంలోకి రాగానే అవి కిందికి జారి ద్రవాన్ని తమతో లాక్కుపోతాయి. తల ఎప్పుడో ఆగిపోయింది, అయినా చెవి మాత్రం ‘తిరుగుతున్నాం’ అంటుంది. కళ్లు ఆ మాట నమ్మి ఒక పక్కకు గబగబా కొట్టుకుంటాయి. స్ఫటికాలు అడుక్కి చేరాక అన్నీ సద్దుమణుగుతాయి. అందుకే అది ఎప్పుడూ నిమిషం లోపే.

జహనుమాలో ఇది ఎక్కువగా బయటపడేది రెండు చోట్ల, పడకలోనూ నమాజులోనూ. రుకూలో వంగినప్పుడు ఒక కుదుపు, సజ్దాలో నుదురు నేలకు ఆనించగానే జానిమాజ్ కింద నేల జారిపోతున్నట్టు, లేచేటప్పుడు మళ్లీ. పెద్దవాళ్లు భయపడి వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీకి మారిపోతారు. ఇక వయసైపోయిందనుకుంటారు. హిందువుల ఇళ్లలో ఇదే కంప్లయింటు ముగ్గు దగ్గర, అటక మీది డబ్బా కోసం తల ఎత్తినప్పుడు వస్తుంది. ‘‘పక్కకు ఒరిగితే సాలు సారూ, ఇల్లు గిర్రున తిరుగుతాంది’’ అని చెప్పిన మనిషిని ఏ పక్కకు అని ఒక్క ప్రశ్న అడిగితే సగం నిర్ధారణ అయిపోతుంది.

మిగతా సగానికి మంచం చాలు. 1952లో డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు లండన్ డాక్టర్లు చెప్పిన పద్ధతి ఇది. కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు కుడికి తిప్పి, తల మంచం అంచు దాటి కాస్త వేలాడేలా ఒక్కసారిగా పడుకోబెట్టాలి. కొన్ని సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత రోగి ‘అమ్మో’ అని చెయ్యి పట్టుకుంటుంది, కనుగుడ్లు మెలితిరుగుతూ నేల వైపు కొట్టుకుంటాయి. అంటే స్ఫటికాలు కుడి చెవిలో ఉన్నాయి. అక్కడి నుంచే వైద్యం మొదలు. తిరుగుడు ఆగేదాకా అలాగే ఉంచి, తలను 90 డిగ్రీలు ఎడమకు తిప్పాలి. మళ్లీ కాసేపు ఆగి, మనిషినే ఎడమ భుజం మీదికి దొర్లించి ముక్కు నేలకు చూసేలా తిప్పాలి. ఆగి, మెల్లగా లేపి కూర్చోబెట్టాలి. స్ఫటికాలు కుల్య చుట్టూ దొర్లి మళ్లీ యుట్రికిల్‌లో పడతాయి. ఒకటి రెండు సార్లలోనే నూటికి ఎనభైమందికి తగ్గుతుంది. తల తిరుగుడు మాత్రలు వికారాన్ని అణుస్తాయి, స్ఫటికాన్ని కదిలించలేవు.

ఈ దొర్లింపును కనిపెట్టిన జాన్ ఎప్లీ అమెరికాలోని పోర్ట్‌లాండ్ డాక్టరు. 1980లో తోటి డాక్టర్లకు చేసి చూపిస్తే నవ్వారు. వైద్య పత్రికలో అచ్చవడానికి 1992 దాకా పట్టింది. ఈ దారికి మొదటి అడుగు వేసిన రాబర్ట్ బారనీ కథ ఇంకా చిత్రం. వియన్నాలో ఆయన రోగుల చెవులు కడుగుతుంటే నీళ్లు చల్లగా ఉన్నా తల తిరుగుతోందన్నారు, వేడిగా ఉన్నా తల తిరుగుతోందన్నారు. కళ్లు కొట్టుకునే దిక్కు మాత్రం వేడికొకటి, చల్లదనానికొకటి. ఉష్ణం కుల్యలోని ద్రవాన్ని కదిలిస్తోందని గ్రహించాడు. 1914 సంవత్సరపు నోబెల్ తనకొచ్చిందని తెలిసేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ.

ఒక్క మాట. తిరుగుడుతోపాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనపడడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, నిలబడలేకపోవడం ఉంటే అది స్ఫటికం పని కాకపోవచ్చు, మెదడుకు రక్తం అందడం లేదేమో. అప్పుడు దొర్లింపులతో కాలయాపన చేయకుండా పెద్దాసుపత్రికి పోవాలి. గంటల తరబడి తిరుగుడు, దానితోపాటు చెవిలో హోరు, వినికిడి మందగించడం ఉంటే అది మెనియర్ జబ్బు కావచ్చు. 1861లో ప్యారిస్‌లో బధిరుల సంస్థ వైద్యుడు మెనియర్, తిరుగుడు మెదడు నుంచే కాదు, చెవి నుంచి కూడా పుట్టగలదని మొదట వాదించింది ఈ రోగులను చూసే. లోపలి చెవి ద్రవం మోతాదు మించి ఉబ్బితే వినికిడీ తూకమూ కలిసే చెడతాయి.

ఇక కింది మోత. 85 డెసిబెల్స్ ధ్వనిలో రోజుకు ఎనిమిది గంటలు గడపొచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. డీజే పెట్టె ముందు నిలబడితే 100 దాటడం మామూలే. జహనుమా ఫంక్షన్ హాలు ముందు ఊరేగింపు 15 నిమిషాల్లో గేటు దాటిందని ఎవరైనా చెబితే నేను నమ్మను. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య రాత్రి పరిమితి 45 డెసిబెల్స్, పది దాటితే లౌడ్‌స్పీకరే కూడదు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పెళ్లి ఊరేగింపు సంగతి ఇరుగుపొరుగు మొహమాటానికి వదిలేసినట్టే ఉంది.

పెద్ద మోతలో మొదట చచ్చేవి బయటి వరస రోమకణాలు, అదీ కాక్లియా మొదటి చుట్టులో. మర్నాడు చెవులు దిబ్బడ వేసి, రెండ్రోజుల్లో తగ్గితే ‘పోయింది’ అనుకుంటాం. 2009లో బోస్టన్‌లో కుజావా, లిబర్మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూసింది వేరు. వినికిడి పరీక్ష మామూలుగానే వచ్చింది, రోమకణాలూ బతికే ఉన్నాయి, వాటికీ నరానికీ మధ్య ఉన్న అతుకులు మాత్రం సగం దాకా తెగిపోయాయి. మనుషుల్లోనూ ఇలాగే జరిగితే, నిశ్శబ్దపు గదిలో అన్నీ వినపడే మనిషికి నలుగురు మాట్లాడే చోట మాట అర్థం కాకుండా పోతుంది. ‘వినపడుతోంది గానీ తెలియడం లేదు’ అనేవాళ్లు పెళ్లి విందులో మీ పక్కనే కూర్చుని ఉంటారు.

పాతబస్తీలో డాబాల మీద పావురాలు పెంచే షౌకు ఇంకా ఉంది. ఆ పావురాలది వేరే అదృష్టం. 1980ల చివర్లో కోడిపిల్లల మీద, కౌజు పిట్టల మీద ప్రయోగాలు చేసినవాళ్లు మోతకు చచ్చిన రోమకణాల చోట కొత్తవి మొలవడం చూసి తమ కళ్లను తామే నమ్మలేదు. చేపలకూ కప్పలకూ ఆ వరం ఉంది. పాలిచ్చే జంతువులు మాత్రం దాన్ని పోగొట్టుకున్నాయి. తల్లి కడుపులో ఉండగా కాక్లియాకు ఇచ్చిన కణాలే జీవితాంతం.

కొందరు పిల్లలకు అవి పుట్టుకతోనే పనిచేయవు. కణం వాడిన పొటాషియాన్ని తిరిగి ద్రవంలోకి చేర్చే దారులు కట్టేది కనెక్సిన్ 26 అనే ప్రొటీన్. దాని జన్యువులో 24వ చోట ఆపు గుర్తు పడే మార్పు మన దేశపు పుట్టు చెవుడు కుటుంబాల్లో తరచుగా కనిపిస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్రవేత్తలూ దాన్ని చూశారు. అమ్మా నాన్నా ఇద్దరిలోనూ దాగి ఉంటేనే బిడ్డకు చెవుడు. మేనరికాలు చేసుకునే తెలుగు ఇళ్లలోనూ, దగ్గర చుట్టరికాల్లోనే సంబంధాలు కలుపుకునే పాతబస్తీ ఇళ్లలోనూ ఆ రెండు ప్రతులు కలిసే అవకాశం ఎక్కువ.

ఈ పిల్లలకు రోమకణాలను తప్పించి నేరుగా నరానికి విద్యుత్తు ఇచ్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. ఆస్ట్రేలియా డాక్టరు గ్రేమ్ క్లార్క్ సముద్రం ఒడ్డున ఒక గవ్వ ఏరుకుని, గడ్డిపరకలు అందులోకి తోసి చూసి, కొస మెత్తగా మొదలు గట్టిగా ఉంటేనే తీగ చుట్లు తిరిగి లోపలికి పోతుందని తేల్చుకున్నాడు. 1978లో మొదటి రోగికి అమర్చాడు. మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో పసిపిల్లలకు ఈ ఆపరేషన్ చేర్చారు. కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనూ చేస్తున్నారు. ఫలక్‌నుమా నుంచి అక్కడికి ఒక్క బస్సు. త్వరపడాల్సింది వయసు విషయంలో. మాట నేర్చే ఏళ్లు దాటితే నరం కబురు తెచ్చినా మెదడుకు దాన్ని విడదీయడం చేతకాదు. రెండేళ్లకూ మాట రాకపోతే ‘వాళ్ల తాత కూడా ఆలస్యంగానే మాట్లాడాడు’ అని ఊరుకునే ఇళ్లు అందుకే నష్టపోతాయి.

తూకానికి కూడా ఇలాంటి పరికరం తయారవుతోంది. తల కదలికను కొలిచి మూడు కుల్యల నరాలకూ విద్యుత్తు పంపే ఇంప్లాంటును అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎనిమిదిమందికి అమర్చి, 2021లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో ఎక్కువమందిది మందుల వల్ల తూకం పోయిన కేసే. నడక మెరుగైంది, నిలబడడం మెరుగైంది. అయితే అమర్చిన చెవిలో చాలామందికి వినికిడి తగ్గింది. కుల్యలకు చిల్లు పెట్టి తీగ దూర్చితే, అదే ద్రవం పంచుకునే కాక్లియాకు సెగ తగలకుండా ఎలా చూడాలన్నది ఇప్పుడు వాళ్ల ముందున్న పని.